జాన్ వాన్ న్యూమన్ పండితుడు

హంగరీ దేశపు ముఖ్యపట్టణమగు బుడాపెస్టునందు 1903వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన జాన్ వాన్ న్యూమన్ జన్మించెను. తండ్రి బ్యాంకి వ్యాపారమున పేరొందినవాడు. బాలుడు ఆ నగరమందలి లూథరను సంఘమువారి ఉన్నత పాఠశాలలో చదువుచుండగా, లాస్లో రాట్స్ అను గణితోపాధ్యాయుడు అతని ప్రజ్ఞను కనిపెట్టి, వేరుగా ఉన్నతగణితము చెప్పింపుమని తండ్రికి సలహా యిచ్చెను. 1926లో అతడు జూరిచ్ నగరమున రసాయన యంత్రశాస్త్రమందును, బుడాపెస్టున గణితమందును పట్టములు పొందెను. 1930లో అమెరికాకేగి, 1933లో ప్రిన్స్‌టన్ నందలి ఉన్నత పరిశోధనాలయమున ఆచార్యుడాయెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అతడు అణ్వస్త్ర నిర్మాణపు పనిలో పాల్గొనెను. పిమ్మట స్టానిస్లా ఊలం అను మిత్రునితో కలిసి, అణుశాస్త్రపు చిక్కు లెక్కలను కంప్యూటరుచే చేయింప బూనగా, వరుస నెవ్వరును ముందుగా నూహింపజాలని సంఖ్యలు విస్తారముగా కావలసివచ్చెను. గణితసూత్రముచే పుట్టించిన సంఖ్యలు నిజముగా యాదృచ్ఛికములని తలచుట పాపమువంటిదని అతడు హాస్యముగా హెచ్చరించెను. ప్రకృతినుండి గ్రహింతమన్నను, ఏ నాణెమైనను ఒక ప్రక్కకు కొంత మొగ్గునుగదా!

1951లో ప్రకటించిన చిన్న వ్యాసమునం దతడు చూపిన ఉపాయము మిక్కిలి సులభము. ఒక నాణెము పదిసార్లకు ఏడుసార్లు బొమ్మయే పడునదనుకొందము. దానిని రెండేసి మారులు ఎగురవేయవలెను. బొమ్మ తరువాత బొరుసు పడినచో బొమ్మగాను, బొరుసు తరువాత బొమ్మ పడినచో బొరుసుగాను ఎంచి, రెండును ఒకటే యైనచో విడిచిపెట్టవలెను. మొదటి వరుస నూటికి 21 పాళ్లు; రెండవదియు 21 పాళ్లే. 58 పాళ్లు వ్యర్థమైనను, మిగిలినదానిలో పక్షపాతము లేదు. అయితే ఒక మారు పడినది మరియొక మారు పడుదానిని మార్పరాదు. నాణెపు మొగ్గును నడుమ మారరాదు.

రహస్యలేఖనమున కిది ప్రాణమువంటిది. తాళపుచెవిగా నుంచిన సంఖ్యలు ఒకవైపు మొగ్గినచో, శత్రువు వానిని ఊహించి, మన జాబులను చదువగలడు. అందుచే తరువాతి పండితులు, పై నియమములకు లోబడని మూలములనుగూర్చి శోధించిరి. అట్టి దుర్బలమూల మొక్కటియే చాలదనియు, స్వతంత్రమైన మరియొక మూలముగాని, కొద్దిపాటి శుద్ధమైన బీజముగాని తోడు కావలెననియు 1980 తరువాత నిరూపించిరి.

న్యూమన్ పండితుడు రాచపుండు వ్యాధిచే 1957 ఫిబ్రవరి 8వ తేదీన, 53 ఏండ్ల వయస్సున, వాషింగ్టన్ నగరమున మరణించెను.

విద్యార్థులారా! లోపములేని సాధనము దొరకువరకు అతడు పని నాపలేదు. లోపము నెరిగి, దానిని లెక్కలో చేర్చుకొని, పనికిరాని భాగమును విడిచి, సత్యమైన ఫలితమును సాధించెను. మనమును అట్లే చేయుదము.