చెవిలో విద్యుత్తును విన్న వోల్టా

ఇటలీలోని కోమోలో 1745 ఫిబ్రవరి 18న జన్మించిన అలెస్సాండ్రో వోల్టాకు నాలుగేళ్ల వరకు మాటలు రాలేదని జీవితచరిత్రకారులు చెబుతారు. మందబుద్ధి అని ఇంటివారు బెంగపడ్డారు. ఏడేళ్లకే ఆయన తోటివారిని మించిపోయారు.

1800లో విద్యుత్ ఘటమాలను లోకానికి వెల్లడించిన వోల్టా, దానికి కలిపిన లోహపు కడ్డీలను తన రెండు చెవులలో ఉంచుకున్నారు. తలలో పెద్ద కుదుపు. ఆపై చిక్కని ద్రవం కుతకుత ఉడుకుతున్నట్లు ధ్వని. మెదడుకు ప్రమాదమని తలచి ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయలేదు. ఆ భయం సహేతుకమే. 1827 మార్చి 5న కన్నుమూశారు.

శ్రవణనాడిని విద్యుత్తుతో ప్రేరేపించే సాధనాన్ని 1957లో పారిస్‌లో ఒక బధిరునికి తొలిసారి అమర్చారు. తర్వాత వచ్చిన కాక్లియర్ ఇంప్లాంట్‌ను ఆరోగ్యశ్రీ ద్వారా పేద తెలుగు పసివారూ పొందారు. అది ధ్వనిని ఇస్తుందే గాని మాటను కాదు. పసితనంలోనే అమర్చి, ఏళ్ల తరబడి శ్రవణ, వాక్ శిక్షణ ఇస్తేనే పలుకు కుదురుతుంది.