హిడెట్సుగు యాగి

1980వ దశకమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో మేడలమీద ఇనుప గొట్టములు లేచినవి. వాని కొనలయందు చేపముల్లును పోలిన అల్యూమినియపు చువ్వల వరుస యుండెడిది. టెలివిజను బొమ్మ చెదరినప్పుడెల్ల ఒకరు మేడయెక్కి గొట్టమును త్రిప్పుచుండగా, క్రింద మరియొకరు తెరను చూచుచు కేకలు వేయుచుండెడివారు. ఆ చువ్వల అమరికకు యాగి యను జపానుదేశపు ఆచార్యుని పేరు నిలిచినది.

యాగి 1886వ సంవత్సరమున ఒసాకా నగరమున జన్మించెను. టోక్యోలో విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, జర్మనీ, ఇంగ్లాండు, అమెరికా దేశములకేగి, రేడియో తరంగములను గూర్చి విద్వాంసులకడ నేర్చెను. పిమ్మట సెండాయి నగరమందలి తోహొకు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై యుండెను. షింటారో ఉడా యను యువకుడు అచ్చట అతనికి సహాయకుడు.

తరంగములను నలుదిక్కులకు చెదరనీయక ఒక్క దిక్కునకే పంపుట యెట్లు? ఇదియే వారి విచారము. తీగ తగిలించిన చువ్వ యొక్కటే. దాని వెనుక కొంచెము పొడవైన చువ్వను, ముందు కొంచెము పొట్టివైన చువ్వలను నిలిపిరి. వీనికి తీగ లేకున్నను, వెనుకది తరంగమును మరలించును. ముందువి దానిని నడిపించును. తరంగమును గ్రహించుటకును ఈ అమరికయే తగినది. కావుననే పొట్టిచువ్వలు ప్రసారకేంద్రము వంకకు తిరిగియుండవలెను. అవి పెరిగినకొలది దూరపు తరంగము చిక్కును గాని, దిక్కు కొంచెము తప్పినను బొమ్మ చెడును. జమ్మలమడుగు చెంతనున్న గండికోట కొండలవంటివి అడ్డమైనచో గొట్టమును ఎత్తు చేయవలెను. నేటి డిజిటల్ ప్రసారములలో తరంగము చాలకున్న బొమ్మ మసకబారదు, ఒక్కసారిగ ఆగిపోవును. చువ్వల ధర్మము మాత్రము మారలేదు.

ఓపికతో ప్రయోగములు చేసి కొలతలు తేల్చినవాడు ఉడా. 1926లో ఇరువురి పేరిట వ్యాసము వెలువడెను. 1928లో యాగి ఆంగ్లమున వ్రాసిన వ్యాసము దేశదేశములకు వ్యాపించెను. అందతడు ఉడా కృషిని దాచలేదు. అయినను లోకము ఒక్క పేరునే పట్టుకొనెను. యాగి-ఉడా యాంటెనా యనుటయే న్యాయము.

స్వదేశమున ఆ యిద్దరి పనిని సైన్యము పట్టించుకొనలేదు. 1942లో జపాను సేనలు సింగపూరును గెలిచినప్పుడు, ఆంగ్లేయుల రాడారు పత్రములలో ఒక మాట పలుమారు కానవచ్చెను. దాని యర్థము అధికారులకు తెలియలేదు. బందీయైన ఆంగ్లేయు నడుగగా, అది యాంటెనా పేరనియు, వారి దేశపు ఆచార్యుని పేరే యనియు చెప్పెనట!

యుద్ధానంతరము యాగి ఒసాకా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. 1956లో జపాను ప్రభుత్వము అతనిని సంస్కృతీ పురస్కారముతో గౌరవించెను. ఆ దశకముననే ఉడా యునెస్కో పక్షమున మన దేశమునకు వచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసెను. 1976 జనవరిలో యాగి కన్నుమూసెను. ఉడాయు ఆ సంవత్సరముననే మరణించెను.