బొంతపై కథలు కుట్టిన హారియెట్ పవర్స్

పాతబట్టలు పేర్చి బొంత కుట్టిన వారి పేరు సాధారణంగా ఆ బొంతతోనే చిరిగిపోతుంది. అమెరికాలో బానిసగా పుట్టిన ఒక నల్లజాతి స్త్రీ పేరు మాత్రం అట్లు చిరిగిపోలేదు. ఆమె హారియెట్ పవర్స్.

హారియెట్ 1837 అక్టోబరు 29న జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ పట్టణ సమీపాన జన్మించింది. అది ప్రత్తి పండే సీమ. ఆ చేలలో శ్రమించిన బానిసలకు తాము తీసిన ప్రత్తిపై హక్కు లేదు. 1855లో ఆర్మ్‌స్టెడ్ పవర్స్‌ను వివాహమాడింది. 1865లో బానిసత్వం రద్దయిన పిమ్మట, 1880ల నాటికి ఆ దంపతులు కొద్దిపాటి భూమిని సంపాదించుకొన్నారు.

బొంతకు మూడు పొరలుంటాయి: పైబట్ట, నడుమ దూది, అడుగుబట్ట. ఈ మూడింటినీ కలిపి పట్టి ఉంచేది కుట్టు. హారియెట్ పైబట్టను గళ్ళుగా విభజించి, రంగుగుడ్డల నుండి మనుష్యుల, పశుపక్ష్యాదుల, నక్షత్రాల ఆకారాలను కత్తిరించి వాటిపై అతికి కుట్టేది. ఒక్కొక్క గడి ఒక్కొక్క కథ. 1886 ప్రాంతంలో పూర్తిచేసిన బైబిలు బొంతలో ఇట్టివి 11 ఉన్నాయి. ఆదాము హవ్వలు, హేబెలును చంపిన కయీను, యాకోబు కల, యేసు బాప్తిస్మం, సిలువ మున్నగునవి అందులోని ఘట్టాలు.

1886లో ఏథెన్స్ ప్రత్తి ప్రదర్శనలో ఆ బొంతను చూచి, చిత్రకళోపాధ్యాయిని జెన్నీ స్మిత్ దానిని కొనగోరింది. హారియెట్ అమ్మనన్నది. కొన్నేళ్ళకు ఆర్థికపు ఇబ్బందులు మీదపడ్డాయి. బొంతను పిండిసంచిలో చుట్టి, దానిపై గోనెసంచి కప్పి, ఒడిలో పెట్టుకొని, ఎద్దుబండిలో ఆమె యింటికి వెళ్ళింది. 10 డాలర్లు అడిగింది. కొనేవారి వద్ద 5 మాత్రమే ఉన్నాయి. భర్తతో ఆలోచించి, చివరకు ఆ వెలకే యిచ్చివేసింది. అయితే బొంతను అప్పగించే ముందు ప్రతి గడికీ అర్థం వివరించింది. తరువాత కూడ అనేక పర్యాయాలు వెళ్ళి తన బొంతను చూచి వచ్చింది. జెన్నీ స్మిత్ ఆ వివరణలను వ్రాసిపెట్టింది. సొత్తు చేజారినా, దాని భావం చేజారలేదు.

1895-98 నడుమ కుట్టిన రెండవ బొంతలో 15 గళ్ళున్నాయి. యోబు, యోనాల కథలతోపాటు లోకంలో జరిగిన వింతలకు కూడ అందులో చోటిచ్చింది. పట్టపగలు చీకటి కమ్మిన 1780 మే 19, ఉల్కలు వర్షంవలె రాలిన 1833 నవంబరు 13 ఆమె పుట్టుకకు ముందటివి. పెద్దల నోట నిలిచిన సంగతులు. జార్జియా నుండి వర్జీనియాకు 500 మైళ్ళు పరుగెత్తిన పంది కథ కూడ అందులో ఉంది. స్వేచ్ఛకై పారిపోయిన బానిసల ఛాయను కొందరు పరిశోధకులు ఆ పందిలో చూశారు.

హారియెట్ 1910 జనవరి 1న మరణించింది. 2005లో ఏథెన్స్ శ్మశానవాటికలో ఆమె సమాధిఫలకం బయటపడిన పిమ్మటనే ఆ తేదీ స్థిరపడింది. నేడు ఆమె మొదటి బొంత వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థ వారి అమెరికా చరిత్ర ప్రదర్శనశాలలోను, రెండవది బోస్టను లలితకళా ప్రదర్శనశాలలోను భద్రంగా ఉన్నాయి. ఆమె చేతిపనిలో మిగిలినవిగా తెలిసినవి ఈ రెండే. 5 డాలర్లకు చేతులు మారిన బొంత ఈనాడు ఒక జాతి చరిత్రకు ఆధారమైంది. దానికి కారణం ఆమె సూది మాత్రమే కాదు. తన పనికి అర్థమున్నదని ఎరిగి, దానిని ఓపికతో చెప్పిన ఆమె నోరు కూడ.