రక్తం కథలో మన భీమవరం మనిషి

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా గర్భసంచి ఆపరేషన్‌కి వెళితే డాక్టరమ్మ ముందు అడిగేది హిమోగ్లోబిన్ ఎంతుందని. పొట్టమీద మూడు నాలుగు చిన్న గాట్లు పెట్టి, కెమెరా దించి చేసే లాప్రోస్కోపీ అయినా అంతే. లోపల నెత్తురు చిమ్మితే అది వెలుతురుని పీల్చేస్తుంది, తెరమీద బొమ్మ కనపడదు. అందుకే రక్తం తక్కువున్న మనిషికి ముందు రక్తం పట్టించి, ఆ తర్వాతే తేదీ ఇస్తారు. ఈ రక్తం పట్టించే మందుల్లో ఒకటి, కొల్లేటికి తూర్పున భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి.

చిన్నప్పుడు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని కాశీకి పారిపోబోతే తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చి చదివించింది. మద్రాసులో డాక్టరీ చదువుతూ ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోయే జబ్బది. ఆయనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం నిలబెట్టింది.

1919లో శేషగిరితో పెళ్లయింది. 1922లో ఆయన అమెరికా వెళ్లేనాటికి ఆమె గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి వాడి మొహం చూడలేదు, మళ్లీ దేశానికీ రాలేదు. ఆయన గురించి రాసేవాళ్లు ఆవిణ్ణి ఒక్క వాక్యంలో దాటేస్తారు, అదే బాధ.

బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రిలో చాకిరీ చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఏళ్లు గడిపినా పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. 1945లో అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందయింది. గర్భిణీలకిచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో కలిపి ఉండే 500 మైక్రోగ్రాములూ అదే.

అసలు విశేషం ఇంకోటుంది. ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే మందులు కూడా ఆ లేబొరేటరీలోనే పుట్టాయి. అందులో మెథోట్రెక్సేట్ ఒకటి. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో పెరిగితే, ట్యూబు పగిలి పొట్టలోకి లీటర్లకొద్దీ నెత్తురు పోవచ్చు. అప్పుడు ఆపరేషన్ తప్పదు. కానీ తొందరగా కనిపెట్టి, ట్యూబు పగలకుండా ఉండి, స్కానింగూ రక్తపరీక్షా అనుకూలంగా ఉంటే చాలామందికి ఈ ఇంజక్షన్‌తోనే సరిపోతుంది. కోత లేదు, నెత్తురు పోవడం లేదు. అయితే పిండం పూర్తిగా పోయిందని తేలేదాకా రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. నెల తప్పి, ఒకపక్క కడుపునొప్పి, కొద్దికొద్దిగా మరక కనిపిస్తే వాతనొప్పి అనుకుని కషాయాలు తాగుతూ కూర్చోకండి, ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే కన్నుమూశారు. ట్యూబు గర్భానికి మెథోట్రెక్సేట్ వాడకం మొదలైంది 1980ల్లో. ఆ ఇంజక్షన్ తీసుకున్నవాళ్లు డాక్టరు మళ్లీ చెప్పేదాకా ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోకూడదు, మందు పని చెయ్యదు.