శాండో: బనియనుకు పేరిచ్చిన బలశాలి

మన ఇళ్ళలో దండెం మీద ఆరవేసే చేతులు లేని బనియనును శాండో బనియను అంటాము. అది ఒక మనిషి పేరని ఎరిగినవారు కొద్దిమందే. తమిళ చిత్ర నిర్మాత చిన్నప్ప దేవర్ పేరుకు ముందు నిలిచిన శాండో బిరుదు కూడా ఆ మహాబలునిదే.

యూజిన్ శాండో 1867 ఏప్రిల్ 2న నాటి ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. యౌవనంలోనే ఇల్లు విడిచి సర్కసుల వెంట తిరుగుతూ బ్రస్సెల్స్ నగరం చేరగా, అక్కడ అట్టిలా అనే వ్యాయామ గురువు ఆయనను చేరదీసి పెద్ద బరువులెత్తే విద్య నేర్పారు. 1889లో లండన్ రంగస్థలంపై శాంప్సన్ అనే ప్రసిద్ధ బలశాలిని ఓడించడంతో శాండో పేరు మారుమ్రోగింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన వేళ అమెరికా ప్రజలు ఆయన ప్రదర్శనలకు విరగబడ్డారు. 1894లో ఎడిసన్ చిత్రశాలలో ఆయన దేహదారుఢ్యాన్ని చలనచిత్రంగా తీశారు.

అయితే ఆయన ఘనత ఎత్తిన బరువులలో మాత్రమే లేదు. బలం కొందరికే దక్కే వరమని జనం నమ్ముతున్న కాలంలో, అది లెక్క ప్రకారం ఎవరైనా సంపాదించుకోగల ఆస్తి అని ఆయన చాటారు. 1897లో లండన్‌లో వ్యాయామశాల స్థాపించి, బలం పొందే విధానంపై గ్రంథం ప్రకటించారు. వయస్సును బట్టి ఏ డంబెల్ పట్టాలి, ఒక్కొక్క కసరత్తు ఎన్నిసార్లు చేయాలి, ఎన్నాళ్ళకు ఆ సంఖ్యను పెంచాలి అన్నది పట్టికలుగా వేసి చూపారు. సంఖ్య ఒక హద్దుకు చేరిన పిదపనే బరువు పెంచాలన్నది అందులోని సూత్రం.

1901లో లండన్ ఆల్బర్ట్ హాలులో ఆయన జరిపిన దేహదారుఢ్య పోటీకి రచయిత కానన్ డాయిల్ ఒక న్యాయనిర్ణేత. కండల పరిమాణం ఒక్కటే కాక, అంగాంగాల పొందిక చూసి బహుమతి ఇచ్చారు. 1904-05లో శాండో భారతదేశంలోనూ పర్యటించగా, ఆయన పేరు ఇక్కడ బలానికి మారుపేరైంది. 1911లో బ్రిటిష్ చక్రవర్తి అయిదవ జార్జి ఆయనను తన వ్యాయామాచార్యునిగా నియమించారు.

ఒక సత్యం దాచరాదు. శాండో ప్రజలకు అమ్మినవి తేలికైన డంబెల్స్. తన దేహాన్ని పెంచుకున్నది మాత్రం అట్టిలా వద్ద ఎత్తిన పెద్ద బరువులతో. చిన్న బరువును ఎన్ని వందలసార్లు ఎత్తినా ఓపిక పెరుగుతుందే కాని గొప్ప బలం రాదని ఆనాడే విమర్శ వచ్చింది. ఆ లోటును అమెరికా వైద్యుడు డెలోర్మ్ తీర్చారు. రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్ళకు బలం చేకూర్చిన ఆయన, 1948లో వాట్కిన్స్‌తో కలసి మూడు విడతల పద్ధతిని ప్రకటించారు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువును కనుగొని, మొదటి విడత అందులో సగంతో, రెండవ విడత ముప్పాతికతో, మూడవ విడత పూర్తి బరువుతో పదేసిసార్లు ఎత్తడమే ఆ పద్ధతి. నేటి వ్యాయామశాలల్లో సెట్లు అంటున్నవి ఈ విడతలే.

శాండో 1925 అక్టోబరు 14న, 58వ ఏట లండన్‌లో కన్నుమూశారు. గోతిలో పడిన కారును ఒంటరిగా లేపడమే మరణకారణమన్న కథ వ్యాపించింది కాని అది నిర్ధారణ కాలేదు. భార్య కోరిక మేరకు సమాధిపై పేరైనా చెక్కలేదు. దశాబ్దాల తరబడి అది గుర్తు లేకనే ఉండిపోయింది. మిస్టర్ ఒలింపియా విజేతలకు 1977 నుండి అందిస్తున్న ప్రతిమ మాత్రం ఆయన రూపమే.

సంక్రాంతి పందెంలో తొలిరోజే పెద్ద గుండును భుజానికెత్తబోయి నడుము పట్టించుకునే మన పల్లె యువకులు ఈ జీవితం నుండి గ్రహించవలసినది ఒక్కటే. బరువు మెట్టు మెట్టుగా పెరగాలి. ఆ మెట్లను లెక్క పెట్టుకోవాలి. శాండో పేరును ఒంటిపై తొడుక్కోవడం తేలిక, ఆయన లెక్కను పాటించడమే కష్టం.