భక్షక కణముల ద్రష్ట మెచ్నికాఫ్

రొట్టెపిండిని పొంగజేయునది ఈస్టు అను సూక్ష్మజీవి. ఆ తెగలోనివే మరికొన్ని ప్రాణుల దేహములలో జొరబడి వ్యాధిని కలిగించును. అట్టి యొక ఈస్టుతో ఒక చిన్న నీటిపురుగు సాగించిన పోరాటమును కన్నులార గాంచి, దేహరక్షణ రహస్యమును లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికాఫ్.

ఆయన 1845 వ సంవత్సరమున, నేడు యుక్రెయిన్ దేశమందున్న ఖార్కివ్ నగర ప్రాంతమున ఒక గ్రామములో జన్మించెను. బాల్యము నుండియు మొక్కలను, పురుగులను పరిశీలించుటయే ఆయనకు వినోదము. ఖార్కివ్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, పాతికేండ్ల ప్రాయమున ఒడెస్సాలో జంతుశాస్త్రాచార్యుడయ్యెను.

విద్య లభించినంత సులభముగా సుఖము లభింపలేదు. ఆయన భార్య లుద్మిలా క్షయరోగి. వివాహదినముననే ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొనిపోవలసి వచ్చెను. 1873 లో ఆమె మరణించెను. ఆయన కన్నులును బలహీనములయ్యెను. బ్రతుకుపై ఆశ సన్నగిల్లినది. 1875 లో ఓల్గాను వివాహమాడిన పిదప ఆమె తోడ్పాటుతో మరల శాస్త్రకృషిలో నిమగ్నుడయ్యెను.

1882 లో ఒడెస్సాలోని ఉద్యోగము విడిచి, ఇటలీ దేశమున సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమునకు వెళ్లెను. ఒకనాడు ఇంటివారందరు సర్కసు చూడబోగా, ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. సముద్ర నక్షత్రపు పిల్లలు అద్దమువలె పారదర్శకములు. వాని దేహములో సంచరించు కణములను చూచుచుండగా ఒక తలంపు పొడమెను: ఈ కణములు శత్రువును ఎదుర్కొను భటులు కారాదా? వెంటనే తోటలోని గులాబి ముండ్లను తెచ్చి ఆ పిల్లల దేహములో గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారి చూడగా కణములు ముల్లును చుట్టుముట్టి యుండెను. మరుసటి యేట వియన్నాలో క్లాస్ అను ఆచార్యుని సలహాపై వానికి ఫాగోసైటులు, అనగా భక్షక కణములు, అను పేరు పెట్టెను.

అయితే ముల్లు ప్రాణము లేనిది. సజీవ శత్రువు వచ్చిన ఏమగును? దీనికి సమాధానము డాఫ్నియా అను నీటిపురుగులో దొరికెను. అది ఆహారముతోపాటు సూదులవంటి ఈస్టు బీజములను మ్రింగును. అవి పేగుగోడను పొడుచుకొని దేహములోనికి వచ్చును. అప్పుడు రక్తకణములు వానిని చుట్టుముట్టి జీర్ణము చేసికొనును. కణములు గెలిచిన పురుగు బ్రతుకును. ఒక్క బీజము తప్పించుకొని మొలకెత్తినను ఈస్టు పెచ్చుపెరిగి పురుగు నశించును. ఈ విషయమును 1884 లో ఆయన ప్రకటించెను.

అనేక జర్మను పండితులు దీనిని అంగీకరింపక, రక్తద్రవమే రోగక్రిములను చంపునని వాదించిరి. 1888 లో పారిస్ నందలి పాస్టర్ సంస్థలో చేరిన మెచ్నికాఫ్ ఏండ్ల తరబడి ప్రయోగములతోనే వారికి బదులు చెప్పెను. 1908 లో నోబెల్ బహుమానము ఆయనకును, రక్తద్రవ పక్షమువాడైన ఎర్లిక్ కును కలిపి ఈయబడెను. ఇరువురి మాటయు సత్యమే. ఆయన 1916 లో పారిస్ లో మరణించెను.

మన నోటిలోను పేగులలోను కాండిడా అను ఈస్టు సాధారణముగా హాని చేయకయే నివసించును. అది మితిమీరినచో, అచటి తడిపొరలోని కొన్ని లింఫు కణములు ఇంటర్ల్యూకిన్-17 అను పదార్థమును స్రవించును. దానిచే హెచ్చరింపబడిన పొర న్యూట్రోఫిల్ అను భక్షక కణములను పిలుచుకొనును. ఎయిడ్స్ వ్యాధిలో ఆ లింఫు కణములు క్షీణించుటచేతనే నాలుకపై తెల్లని పూత వ్యాపించును.

నీటిపురుగును చంపిన ఆ ఈస్టు ప్రజాతి నేడు మెచ్నికోవియా అని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. బ్రతుకుపై ఆశ కోల్పోయిన మనుజుడే, ప్రతి ప్రాణి దేహమును అనుక్షణము బ్రతుకుకై పోరాడుచుండునని కనుగొనెను. విద్యార్థులు మరువరాని విషయమిది.