ఘంటసాల - మూడు నిమిషముల పాట

కాజీపేట కూడలిలో ఆగకుండ పోవు రైలుబండిని మీలో కొందరు చూచియుందురు. అది మనవైపు వచ్చునపుడు దాని కూత సన్నగా వినబడును, దాటిపోగానే బొంగురుపడును. గ్రామఫోను రికార్డునకు కారణము వేరు గాని, చెవికి కలుగు అనుభవము ఇట్టిదే. రికార్డు తిరుగవలసిన వేగమును మించి తిరిగినచో గాయకుని కంఠము కీచుమనును. వేగము తగ్గినచో మొద్దువారి సాగిలపడును. ఈ వేగపు కట్టుబాటునకు లోబడి పాడి తెలుగువారి హృదయములను చూరగొన్న గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లాలో గుడివాడ సమీపమునగల చౌటపల్లి గ్రామమున జన్మించెను. తండ్రి సూరయ్య తరంగములు పాడుచుండగా బాలుడు ఆయన భుజములపై నుండి నాట్యమాడెడివాడట. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనని కోరి, ఆ తండ్రి అకాలమున కన్నుమూసెను.

ఆ కోరిక తీర్చుటకై బాలుడు చేతి ఉంగరము అమ్ముకొని విజయనగరము చేరెను. సంగీత కళాశాల ఉన్నది గాని, తిండికి దారి లేదు. జోలె పట్టి మధుకరమెత్తి పొట్ట పోసికొనెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆదరించి విద్య నేర్పిరి. శాస్త్రిగారి కుమారుడు సంగీతరావు తరువాతి కాలమున ఘంటసాలకు సహాయకుడగుట విశేషము. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని ఘంటసాల జైలుశిక్ష అనుభవించెను. పిమ్మట మదరాసు చేరి, 1945 నాటి స్వర్గసీమ చిత్రముతో సినిమా గాయకుడయ్యెను.

ఆనాటి రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. ఒక ప్రక్క పట్టునది మూడు నిమిషములకు కొంచెము పైగా మాత్రమే! గాయకుడు పాడుచుండగా సూది మెత్తని పలకపై గాడి చెక్కును. ఆ పలకకు లోహపుపూత పట్టించి అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు ఒత్తెదరు. మైనపు పలకలు వాడిన దినములలో నడుమ తప్పు దొరలినచో దిద్దుట కుదరదు; మరల మొదటినుండి పాడవలసినదే. లక్కయు రాతిపొడియు కలిపిన ఆ రికార్డులపై సూది నడచునపుడు బరబర శబ్దము తప్పదు. ఆ రొదను దాటి ప్రతి అక్షరము స్పష్టముగా పలుకుటయే ఘంటసాల గొప్పతనమని నా తలంపు. కరుణశ్రీ రచించిన పుష్పవిలాపమును ఆయన రెండు ప్రక్కలకు రెండు భాగములుగా పాడెను. మొదటి భాగము ముగియగానే రికార్డు తిరుగవేయవలెను. అంతవరకు వినువారి కంట తడి ఆరకుండ నిలుపుట సామాన్యమా?

1948లో అమెరికాలో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్ ప్లే రికార్డు వెలువడెను. ఇది వినైలుతో చేసినది. గాడి సన్నము, రొద స్వల్పము. ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాట పట్టును. కాని ఈ లాభము ఊరక వచ్చినది కాదు. రికార్డు అంచున గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగగా, లోపలి చుట్ల వద్ద 20 సెంటీమీటర్లే సాగును. అంత కొద్ది చోట అంత శబ్దమును ఇరికించుటచే సన్నని ధ్వనులు అక్కడ నలుగును. ఇంకను ఎక్కువ పాట పట్టింపవలెనన్నచో గాళ్లను దగ్గరగా చెక్కవలెను. అందుకు శబ్దపు బిగ్గరతనము తగ్గింపవలెను. పలక చెక్కు నిపుణుని నేర్పంతయు ఈ బేరములోనే యున్నది.

ఘంటసాల జీవితపు తుదికాలమున ఈ నిడివి ఆయనకు అక్కరకు వచ్చెను. భగవద్గీతలోని ఏడువందల శ్లోకములలో నూరింటికి పైగా ఎన్నుకొని, తెలుగు తాత్పర్యముతో తీరికగా పాడెను. మూడు నిమిషములకొకసారి తెగు రికార్డులో ఆ నెమ్మది ఇమిడియుండెడిది కాదు. అప్పటికే ఆయన ఆరోగ్యము క్షీణించియుండెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసులో ఆయన కన్నుమూసెను. గీత రికార్డు ఆ తరువాతనే విడుదలయ్యెను.